మూత తియ్యకండి

"రాత్రంతా దానంతటదే ఉడుకుతుందా? మరి నువ్వేం చేస్తావు?" అన్నారు అత్తగారు.

ఆ మాటలో ఉన్నది వెటకారమో, నిజమైన సందేహమో కొత్తకోడలికి తెలియలేదు. పెళ్లయి ఆరునెలలు దాటినా అత్తగారి గొంతులో ఏది ఉప్పో ఏది పంచదారో ఆమెకింకా పట్టుబడలేదు. అందుకని నవ్వి ఊరుకుంది. ఈ ఇంట్లో ఆమె మొదట నేర్చుకున్న వంట ఆ నవ్వే.

చేతులు మాత్రం ఆగలేదు. ముందురోజు బ్రెడ్డు ముక్కలు చేసి, కరెంటుమీద సన్నవేడికి ఉడికించే స్లో కుక్కర్ గిన్నెకి వెన్న రాసి పరిచింది. గట్టిపడ్డ బ్రెడ్డే పాలు బాగా తాగుతుందని అక్క చెప్పింది. మధ్యమధ్యలో ఆపిల్ ముక్కలు, కిస్‌మిస్ వేసింది. పాలు, గుడ్లు, పంచదార, దాల్చినచెక్క పొడి కలిపి గిలక్కొట్టి పైనుంచి పోసి, అరచేత్తో మెల్లగా అదిమింది. బ్రెడ్డు పాలు పీల్చుకుంటూ బుస్సుమని చిన్న నిట్టూర్పు విడిచింది. ఆ చప్పుడుకే ఆమెకు నవ్వొచ్చింది. ఎవరైనా చూస్తే పిచ్చిదనుకుంటారుగానీ, ఇలాంటి చిల్లర సంతోషాలకు ఆమె దగ్గర ఎప్పుడూ లోటు లేదు. గిన్నెమీద నూలుగుడ్డ పరిచి దానిపైన మూత పెట్టింది. ఆవిరి నీళ్లయి మళ్లీ లోపల కారకుండా ఆ గుడ్డ పీల్చుకుంటుంది. మీట తిప్పగానే ఎర్రదీపం వెలిగింది.

"మూత మాత్రం ఎవరూ తియ్యకండి అత్తయ్యా. ఒకసారి తీస్తే లోపలి వేడంతా పోయి, మళ్లీ అందుకోడానికి అరగంట పడుతుందట."

"మాకెందుకమ్మా నీ మూత," అన్నారు అత్తగారు.

ఆ కుక్కర్ అక్క ఇచ్చిన పెళ్లికానుక. మిగతావాళ్లంతా గోడగడియారాలిచ్చారు. "గడియారాలు నువ్వెంత ఆలస్యంగా లేచావో చెప్తాయే. ఇది నిన్ను పడుకోనిస్తుంది," అంది అక్క, పెట్టె చేతిలో పెడుతూ. అప్పుడామెకు ఆ మాట అర్థం కాలేదు. పెళ్లికూతురికి నిద్రతో ఏం పని? ఒళ్లంతా దీపాలు వెలిగినట్టుండేది. అతను స్నానం చేసొచ్చి తడిజుట్టు ఆమె మెడమీద విదిలించినా, బస్టాపులో ఆమెకోసం నిలబడి దూరం నుంచే రెండుచేతులూ ఊపినా, ఆ రోజంతా అదే తల్చుకుని తనలో తాను నవ్వుకునేది. ఇప్పటికీ అంతే. అతనంటే ఇష్టం ఏమీ తగ్గలేదు. కానీ సంతోషంగా ఉండటానికి కూడా ఒంట్లో ఓపిక ఉండాలని పెళ్లయ్యాకే తెలిసింది.

"నువ్వు లేస్తేగానీ మనింట్లో తెల్లారదు," అన్నాడతను పెళ్లయిన మొదటి వారంలో. ఎంత మురిసిపోయిందో. అక్కకి ఫోన్ చేసి మరీ చెప్పింది. "కుక్కర్ పెట్టెలోంచి తీశావా?" అంది అక్క. తర్వాత్తర్వాత తెలిసింది, అది ముద్దుమాట కాదు, ఉన్నమాటే అని. ఆమె లేస్తేనే టీ. ఆమె లేస్తేనే మామగారి వేడినీళ్లు, నలుగురి మధ్యాహ్నపు వంట, ఉతికిన బట్టలు తీగెమీదికి. ఆ తర్వాత ఆమె తలకి ఒక దువ్వెన తగిలీ తగలకుండా, పరిగెత్తుకుంటూ బస్సు. సూర్యుడికైనా మబ్బుపట్టిన రోజు సెలవుంటుంది. ఆమెకి ఆదివారమైతే ఇంకో పని ఎక్కువ. "ఆదివారం కదమ్మా, ఏదైనా స్పెషల్ చెయ్యి," అనేవారు మామగారు, ఎంతో ప్రేమగా.

అందుకే ఈ బ్రెడ్డు వంట, అక్క చెప్పిన కాసరోల్. ముందురోజు రాత్రే పెట్టేస్తే, పొద్దున్న లేచేసరికి ఉడికి ఉంటుంది. ఎవరికి కావలసింది వాళ్లు వడ్డించుకుంటారు. ఒక్క ఆదివారం, ఒకే ఒక్క ఆదివారం, ఒంటిమీద ఎండ పడేదాకా పడుకోవాలి. కోరిక అంతే. దానికోసం ఆమె బడిపిల్ల సెలవులకి ఎదురుచూసినట్టు వారమంతా ఎదురుచూసింది.

ఆదివారం తెల్లవారుతుండగానే పడగ్గది తలుపు తెరుచుకుంది. "పడుకో పడుకో, ఇస్త్రీపెట్టె కోసం వచ్చా," అని అత్తగారు లైటు వేశారు. మళ్లీ కునుకు పట్టేలోపే మళ్లీ తెరుచుకుంది. "అమ్మాయ్, నీ మిషన్ కుతకుతలాడుతోంది. మాడిపోతోందేమో?" మాడదని దుప్పట్లోంచే చెప్పింది. మూడోసారి మామగారు, పాపం లోపలికి రాలేదు, గుమ్మంలో నిలబడి తలుపు కాస్త తోసి, "నా కళ్లజోడు ఎక్కడైనా చూశావామ్మా?" అన్నారు. కళ్లజోడు ఆయన నెత్తిమీదే ఉంది.

ఇక లేచింది. తీరా అందరూ బల్లచుట్టూ చేరి గరిటె దింపితే, అంచులు బాగానే ఎర్రబడ్డాయిగానీ నడుమంతా పచ్చిపచ్చిగా, పాలూ గుడ్డూ విడివిడిగా తేలుతోంది. నూలుగుడ్డ కుక్కర్ పక్కన ముద్దగా పడి ఉంది.

"మూత ఎవరు తీశారు?"

"నేను వాకింగ్‌కి వెళ్లబోతూ ఒక్కసారి చూశా, అంతే," అన్నారు మామగారు. "మాడిందేమోనని నేనూ చూశా. తప్పా?" అన్నారు అత్తగారు. భర్త నెత్తి గోక్కున్నాడు. "వాసన అదరగొట్టేస్తుంటే రెండు కిస్‌మిస్‌లు ఏరుకున్నా బంగారం."

"ఎంతైనా పొయ్యిదగ్గర మనిషి నిలబడి చేసిన వంట వేరు. మిషన్‌కి అప్పజెప్పి పడుకుంటే ఇంతే," అని తేల్చేశారు అత్తగారు. ఆమె మళ్లీ నవ్వి ఊరుకుంది. పొయ్యిదగ్గర నిలబడింది. అందరికీ ఆమ్లెట్లు వేసింది.

వాళ్ల పడగ్గదికి గడియ లేకపోవడం వెనక ఓ కథ ఉంది. చుట్టాలొచ్చినప్పుడల్లా ఇంట్లో అది చెప్పుకుని పొట్టచెక్కలయ్యేలా నవ్వుకుంటారు. భర్తకి నాలుగేళ్లప్పుడు లోపల గడియ పెట్టుకుని తీయడం రాక గుక్కపట్టి ఏడ్చాడట. కిటికీలోంచి బిస్కట్లు చూపించినా లాభం లేకపోయిందట. చివరికి మామగారు తలుపుని భుజంతో గుద్ది, ఆ కోపంలో గడియ ఊడబీకి వీధిలోకి విసిరేశారట. నాలుగేళ్లవాడు ముప్ఫై ఏళ్లవాడయ్యాడు, పెళ్లాం వచ్చింది, గడియ మాత్రం రాలేదు. రాత్రిళ్లు కుర్చీ అడ్డం పెట్టుకునేవాళ్లు. తెల్లవారకముందే తీసెయ్యాలి, లేకపోతే ఎవరో తోసినప్పుడు అది నేలమీద కీచుమని ఈడ్చుకుంటూ ఇంటిల్లిపాదికీ కథ చెప్పేస్తుంది. "గడియ పెట్టిద్దాం" అని ఆమె అడిగినప్పుడల్లా, "పెట్టిద్దాంలే. అయినా ఇంట్లో ఉన్నది మనవాళ్లేగా," అనేవాడు అతను. మనవాళ్లే. అదే కదా చిక్కు. పరాయివాళ్లయితే తలుపు కొట్టేవారు.

ఆమె పనిచేసేది ఇళ్లకి ప్లాన్లు గీసే ఆఫీసులో. గోడ ఎక్కడ, కిటికీ ఎక్కడ, తలుపు ఎటు తెరుచుకోవాలి, ఇవన్నీ ఆమె గీస్తేనే పైవాళ్లు సంతకం పెడతారు. ప్లానులో ప్రతి తలుపు దగ్గరా ఒక పావుచక్రం గీయాలి, ఆ తలుపు ఎటు తిరుగుతుందో చూపించడానికి. రోజుకి ఎన్ని తలుపులు గీసేదో ఆమెకే లెక్కలేదు. అంత చదువు చదివి వచ్చినా, ఎవరైనా ఇల్లు కట్టించుకునేవాళ్లు వస్తే పెద్దసారు, "టీలు చెప్పమ్మా. నువ్వు చెప్తే తొందరగా తెస్తారు," అనేవాడు. వంటగది మాట వచ్చినప్పుడు మాత్రం, "ఇదిగో, మా మేడమ్ ఉంది. ఆడవాళ్ల డిపార్ట్‌మెంట్," అని నవ్వేవాడు. కప్పులు సర్దుతూనే ఆమె వంటగదులు గీసింది.

ఆ బుధవారం ఒక జంట వచ్చింది. మాట్లాడేదంతా ఆయనే. కారు ఎక్కడ నిలపాలి, వాళ్ల నాన్నగారి గది ఎటుండాలి, టీవీ ఏ గోడకి. ఆవిడ కుర్చీ అంచుమీద కూర్చుని వింటోంది. చివర్లో కాగితంమీదికి వంగి, "వంటగదికి తలుపు పెట్టొచ్చా అండీ?" అంది.

"పెట్టొచ్చు," అంది ఆమె.

"లోపలినుంచి గడియతో?"

పెద్దసారు ఫక్కున నవ్వాడు. "వంటగదికి గడియేంటమ్మా! కూరగాయలు ఎవరైనా ఎత్తుకుపోతారా?" ఆయన నవ్వాడు, ఆవిడ భర్తా నవ్వాడు. అందరికంటే ఎక్కువ ఆవిడే నవ్వింది. "ఊరికే అన్నానండీ," అని హ్యాండ్‌బ్యాగ్ జిప్పు మూసి తీసి మళ్లీ మూసింది.

వాళ్లు వెళ్లాక ఆమె ఆ వంటగదికి తలుపు గీసింది. పావుచక్రం గీసింది. పక్కన చిన్న అక్షరాలతో 'లోపలి గడియ' అని రాసింది. పెద్దసారు చూస్తాడో లేదో, చూస్తే కొట్టేస్తాడేమో, తెలియదు.

బస్సులో కిటికీకి తల ఆనించి కూర్చుంది. ఆవిడకి వంటగదిలో ఏం పని పడిందో, గడియ వేసుకుని ఏం చేద్దామనుకుందో? ఏడుద్దామనో, ఒక కప్పు టీ చల్లారకముందే తాగుదామనో, ఏమీ చెయ్యకుండా ఊరికే గట్టుకి ఆనుకుని నిలబడదామనో. అలా ఆలోచిస్తుంటే ఆదివారం నాటి కాసరోల్ గుర్తొచ్చింది. దాన్ని పాడుచేద్దామని ఎవరూ అనుకోలేదు. ఒకరు కుతూహలంతో తీశారు, ఒకరు భయంతో తీశారు, ఒకరు ఆశతో తీశారు. ఒక్కసారేగా, అనుకున్నారు ముగ్గురూ. మూడు ఒక్కసార్లకి నడుమంతా పచ్చిగా మిగిలిపోయింది. బయటికి మాత్రం అంచులు ఎర్రగా, నవ్వుతున్నట్టే ఉన్నాయి. తన మూత రోజుకి ఎన్ని 'ఒక్కసార్లు' తీస్తున్నారు?

దిగాల్సిన స్టాపుకి ముందు స్టాపులో దిగి, ఇనపసామాన్ల కొట్టుకి వెళ్లింది.

"ఏ సైజు గడియ కావాలో మీవారిని అడిగారా మేడమ్?" అన్నాడు కొట్టతను.

"ఆయన్ని అడిగితే వచ్చే జన్మకి చెప్తాడు. అదిగో, ఆ నాలుగంగుళాలది ఇవ్వండి. ముప్పావంగుళం మరలు. తలుపు పాతది, చెక్క గట్టిదే."

కొట్టతను ఆమెకేసి ఓసారి చూసి పొట్లం కట్టాడు.

శనివారం మధ్యాహ్నం స్క్రూడ్రైవర్ పట్టుకుని గది తలుపు దగ్గర పీటేసుకుని కూర్చుంది. పాత కన్నాలమీద రంగు పూసేశారుగానీ వేలితో తడిమితే దొరికాయి. రెండో మర బిగిస్తుంటే వెనకనుంచి అత్తగారి నీడ పడింది.

"ఏం చేస్తున్నావమ్మాయ్?"

"గడియ పెడుతున్నా అత్తయ్యా."

"వాడొచ్చి పెడతాడుగా?"

"పెళ్లయినప్పటినుంచీ పెడుతూనే ఉన్నాడు."

అత్తగారు నవ్వు ఆపుకున్నట్టు అనిపించింది. కాసేపు అక్కడే నిలబడ్డారు. "మా కొత్తలో ఈ గదికి అసలు తలుపే లేదు. ఒక కర్టెను ఉండేది. అది కూడా మా అత్తగారి పాత దుప్పటి."

"మీకు కోపం రాలేదా?"

"కోపం తెచ్చుకోడానికైనా ఒక గది ఉండాలి కదా," అన్నారు ఆవిడ. అంతలోనే గొంతు మార్చి, "అయినా నా బీరువా ఈ గదిలో ఉంది. నా చీర కావలిస్తే నీ పర్మిషన్ అడగాలా ఏంటి ఇకనుంచి?" అన్నారు.

"తలుపు కొడితే చాలు అత్తయ్యా. లేచి తీస్తాను."

"సరేలే," అంటూ ఆవిడ వెళ్లిపోయారు. ఈసారి గొంతులో ఉన్నది ఉప్పూ కాదు, పంచదారా కాదు. ఆమె మూడో మర బిగించింది.

ఆ సాయంత్రం బ్రెడ్డు ముక్కలు మళ్లీ పాలు తాగి బుస్సుమన్నాయి. గిన్నె, గుడ్డ, మూతతో సహా కుక్కర్ని రెండుచేతులా ఎత్తి పడగ్గదిలోకి తెచ్చి, అద్దం ముందున్న బల్లమీద, పౌడరు డబ్బా పక్కన పెట్టి మీట తిప్పింది.

భర్త నోరు తెరిచాడు. "ఇదేంటి, దీన్ని కూడా కాపురానికి తెచ్చావా?"

"ఇక్కడైతే ఎవరూ మూత తియ్యరు."

"నేను తీస్తే?"

"తియ్యి. రేపు అందరికీ నువ్వే వండు."

అతను గబుక్కున రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు. ఆమెకు పకపకా నవ్వొచ్చింది. ఆ నవ్వు అతనికోసం కాదు, ఎవరికోసమూ కాదు, దానంతటదే వచ్చింది. వెళ్లి గడియ వేసింది. టక్కుమని పడింది. ఎంత చిన్న చప్పుడు! మళ్లీ తీసి, మళ్లీ వేసింది, ఆ చప్పుడు ఇంకోసారి వినాలని.

పొద్దున్న గదంతా దాల్చినచెక్క, వెన్న, ఉడికిన ఆపిల్ వాసన. కిటికీలోంచి వచ్చిన ఎండ ఇంకా ఆమె పాదాల దాకానే వచ్చింది. బయట తలుపుని ఎవరో తోశారు. అది కదల్లేదు. మళ్లీ తోశారు. తలుపుకి అటువైపు ఎవరో ఊపిరి పీలుస్తున్నారు. తర్వాత, ఈ ఇంట్లో మొదటిసారి, ఎవరో తలుపుమీద వేలితో కొట్టారు. రెండుసార్లు, అలవాటు లేని చేత్తో.

భర్త లేవబోయాడు. ఆమె అతని భుజంమీద చెయ్యివేసి ఆపింది.

"అమ్మాయ్, వాసన వీధిదాకా వస్తోంది. అయిందా?"

"ఇంకా ఉడుకుతోంది అత్తయ్యా. అయ్యాక తెస్తాను. మామయ్యగారి టీ మీ అబ్బాయి వచ్చి పెడతాడు."

"వాడా? వాడికి నీళ్లు కాచడమైనా వచ్చా?" అటువైపు నుంచి ఒక చిన్న దగ్గు, నవ్వు లాంటిది. "దానంతటదే ఉడుకుతుంటే, మరి నువ్వేం చేస్తున్నావు లోపల?"

ఆమె దుప్పటి మెడదాకా లాక్కుంది.

"పడుకున్నాను అత్తయ్యా."