ఎడనీ వేళ్లు చూసిన శిలువ

స్టోక్‌లీ సంత నడుమ మెట్ల గద్దె మీదుండే పాత కొయ్య శిలువ, గాలివానకి గద్దెతో సహా కూలిపోయి రెండేళ్లయింది. అప్పట్నించీ ఊరికి కాలూ చెయ్యీ ఆడలేదు. వెన్నా గుడ్లూ అమ్ముకునే ఆడవాళ్లు ఎక్కడ కూర్చోవాలో తేలక జుట్లు పట్టుకున్నారు. చాటింపు ఎక్కడ వేసినా సగం మందికి వినబడలేదు. చర్చికి మోసుకెళ్లే శవాన్ని కాసేపు దించుకోడానికి ఆ మెట్లు లేక, బురదలోనే దించేవారు. ఎడనీ మొగుణ్ణీ అలాగే దించారు.

ఎడనీకి పుట్టుకతోనే చూపు లేదు. ఉన్ని వడికి బతికేది. కొత్త రాతి శిలువ వచ్చిందని తెలిసి, ఆడపడుచు ఏవిస్ చెయ్యి పట్టుకుని వెళ్లింది. శిలువ తలభాగాన్ని ఇంకా గడ్డి మీదే పడుకోబెట్టారు. పక్కనే శిల్పి హామో ఉన్నాడు.

"ముట్టుకోనా మేస్త్రీ?"

"ఆవిడ చేతులనిండా ఉన్ని జిడ్డు. తర్వాత నన్ననకు" అంది ఏవిస్.

"వందల ఏళ్లు వానలో నానాల్సిన రాయి, మీ వదిన జిడ్డుకి కరుగుతుందా? చూడమ్మా, తనివితీరా చూడు."

ఎడనీ వేళ్లు రాతిలో చెక్కిన ప్రభువు పాదాలు, వాటిలో దిగిన మేకులు తడిమాయి. పక్కన నిలబడ్డ ఆయన తల్లిని పట్టుకున్నాయి. రేగిపండంత ముఖం. చెంప మీద బార్లీ గింజలాంటిదేదో తగిలింది.

"ఇదేంటి?"

"కన్నీటిచుక్క."

"అంత ఎత్తున ఇది ఎవరికి కనబడుతుంది?"

"ఎవరికీ కనబడదు."

"మరెందుకు చెక్కావు?"

హామో ఉలి పక్కన పెట్టాడు. "ఎవరూ చూడరని ఆ తల్లి ఏడవకుండా ఉంటుందా అమ్మా?"

ఎడనీ వేలు మళ్లీ ఆ చుక్క మీదికే వెళ్లింది.

మధ్యాహ్నం, కొత్త మెట్ల మీద నిలిపిన స్తంభం పైకి ఆ తలభాగాన్ని ఎత్తడానికి ఊరంతా తాళ్లు పట్టింది.

"నువ్వు పక్కకుండు వదినా!"

"తాడు లాగడానికి కళ్లెందుకే?" అని ఎడనీ తనూ పట్టుకుంది.

కప్పీ మూలిగింది. రాయి గాల్లోకి లేస్తుంటే ఆ బరువు తాళ్లగుండా వణుకుతూ అందరి అరచేతుల్లోకీ దిగింది. అది స్తంభం మీద కూర్చున్నప్పుడు కాళ్లకింద నేల అదిరింది. ఒక్కొక్కరే మోకరిల్లారు.

"వదినా, పైన బొమ్మలు సరిగ్గా ఆనడం లేదు" అంది ఏవిస్ గుసగుసగా. "ఏమున్నాయి?"

ఎడనీ చెప్పడం మొదలుపెట్టింది. పాదాలు, మేకులు, తల్లి, ఆ చుక్క. జనం దగ్గరికి జరిగారు. చర్చి ఫాదర్ కూడా టోపీ తీసి వింటున్నాడు. వెన్న గంప పెట్టుకునే చోటు కోసం కొట్టుకున్న ఆడవాళ్లిద్దరూ ఒకే మెట్టు మీద ఒదిగి కూర్చున్నారు. పాలు పితికే వేళ దాటి దొడ్లలో ఆవులు గోల పెడుతున్నా, ఏ ఒక్కరూ లేవలేదు.