ఫ్రీజర్‌లో చలికాలం

"ఆ డబ్బా ఇయ్యాల బయటికి రావాలె. లేకుంటే నేనే బయటికి పోత," అన్నది లచ్చవ్వ, ఫ్రిజ్ తలుపు బార్లా తెరిచి పట్టుకొని.

"ఇంక పందొమ్మిది రోజులే," అన్నాడు సిద్దిరాములు, కూర్చున్న చోటి నుంచి కదలకుండా. "తలుపు మూయి. చలి పోతాంది."

"ఎండలు మాడు పగులగొడుతున్నయి. ఇంటికొచ్చినోళ్లకు నిమ్మకాయ నీళ్లల్ల ఇంత ఐసుగడ్డ వేద్దామంటే జాగ లేదు. నీ పండ్లకు మాత్రం చలికాలం కావాలె!"

ఈ పంచాయితీ రెండు నెలలు దాటి మూడో నెలలో పడింది. దీనికి మూలం కోడలు సునీత. కళ్లకు మంచివని హన్మకొండలోని పెద్ద దుకాణం నుంచి బ్లూబెర్రీల డబ్బా తెచ్చింది. లచ్చవ్వ ఒకటి నోట్లో వేసుకొని, "నేరేడుపండు నెలలు నిండకుండ పుట్టినట్టున్నది," అని తేల్చేసింది. సిద్దిరాములు మాత్రం పండును చిదిమి, గోటి మీద నిలిచిన ఇసుక రేణువంత గింజను కిటికీ వెలుగులో చాలాసేపు చూశాడు. ఆయన కుతూహలం చూసి సునీత ఫోన్లో ఒక వీడియో పెట్టింది. అంతే. పండ్లలో సగం మనుషులకు, సగం ఫ్రీజర్‌కు.

"అది చలిదేశం గింజ. చలికాలం దాటిందనుకుంటేనే మొలుస్తదట. తొంభై రోజులు."

"అంటే గింజను మోసం జేస్తానవన్నమాట. వరంగల్ల కూసోబెట్టి మంచు చూపిస్తానవు."

సిద్దిరాములు కొత్తవాడలో నలభై ఏళ్లు గుంత మగ్గం మీద దరీలు నేసిన మనిషి. మోకాళ్లు మొరాయించాక కొడుకు విజయ్‌కుమార్ మగ్గం తీయించి, గుంత పూడ్పించి, దాని మీద సోఫా వేయించాడు. ఆ సోఫాలో ఆయన ఒక్కరోజు కూర్చుంటే ఒట్టు. వంటింటి గుమ్మంలో స్టూలు వేసుకున్నాడు. ఉల్లిగడ్డ సన్నగ కోయమనేవాడు, పోపు మాడుతాందనేవాడు, చారు ఇంకో పొంగు రానియ్యమనేవాడు. ముప్పై ఎనిమిదేళ్ల కాపురంలో తన వంటకు వంక విని ఎరగని లచ్చవ్వ, ఆ ఏడాది రోజుకు మూడుసార్లు విన్నది.

పందొమ్మిది రోజులూ గడిచాయి. పండ్లను నీళ్లలో పిసికి, తేలిన తుక్కు పారబోసి, అడుగున మిగిలిన గింజలను సిద్దిరాములు గుడ్డ మీద ఆరబెట్టాడు. ఇక మట్టి. బ్లూబెర్రీకి పుల్లటి మట్టి కావాలన్నది వీడియో. వీడియోలో చూపించిన మట్టి సంచీ వరంగల్లో ఎక్కడా దొరకలేదు. అడవిలో ఆకు కుళ్లిన మట్టి పుల్లగానే ఉంటుందని ఆయనకు ఆయనే తీర్మానించుకొని, జీపు నడిపే మేనల్లుడు యాకయ్యతో ములుగు నుంచి రెండు బస్తాలు తెప్పించాడు. పులుపు ఇంకా చాలదేమోనని మేడ మీద గింజలు చల్లిన పాత పెయింటు డబ్బాల్లో పూటపూటా మిగిలిన పచ్చిపులుసు పోశాడు. వారం తిరగకముందే వాడకట్టు చీమలన్నీ మేడెక్కాయి.

"ఉప్పు సరిపోయిందో లేదో వాటినడుగు," అన్నది లచ్చవ్వ.

తొలివానలకు మొలకలొచ్చాయి. సరిగ్గా పదకొండు.

ఇక సిద్దిరాములును పట్టలేకపోయారు. తెల్లవారకముందే మేడెక్కితే మళ్లీ అన్నం వేళకే దిగడం. మొక్కమొక్కకూ పుల్ల పాతి, మిగిలిపోయిన దరీ నూలుతో నేతగాడి ముడి వేశాడు. చేనేత సొసైటీ ఆఫీసులో తోటి నేతగాడు పోశయ్యకు రెండు మొక్కలిస్తానని నలుగురిలో మాటిచ్చాడు. వంటింటి గుమ్మంలో స్టూలు ఖాళీ అయింది. లచ్చవ్వ పోపును తనకు నచ్చినంతసేపు వేగనిచ్చింది.

ఒకరోజు బట్టలారేయడానికి మేడెక్కి డబ్బాల ముందు ఆగింది. సన్నగా పొడుగాటి ఆకు. ఎర్రచార కాడ. చిన్నప్పటి నుంచి బతుకమ్మ పూలకని చేలగట్ల మీద ఒడినిండా తెంపుకొచ్చిన మొక్క, కళ్లు మూసుకొని తడిమినా గుర్తుపడుతుంది. గునుగు! ములుగు మట్టి ఒక్కతే రాలేదు, గింజల్ని చంకన వేసుకొని వచ్చింది.

ఏమయ్యా అనబోయి ఆగింది. సిద్దిరాములు వంగి ముడి వేస్తున్నాడు. వేళ్లు మగ్గం మీద ఆడినట్టే ఆడుతున్నాయి. ఇప్పుడు చెబితే ఈ మనిషి మెట్లు దిగి ఎక్కడ కూర్చుంటాడో ఆమెకు తెలుసు.

"చూసినవా? అచ్చం వీడియోల ఉన్నట్టే ఆకు," అన్నాడు.

"మంచిగున్నయి," అన్నది లచ్చవ్వ. నోటిదాకా వచ్చిన మాటను మింగడం ఆమెకు అదే మొదలు.

పక్క మేడ మొగిలమ్మ మాత్రం పిట్టగోడ మీదికి వంగి, "వదినా, గునుగును గింత ముద్దుగ పెంచుతాండ్రేంది? కూరొండుకోరాదు!" అని అరిచింది. అదృష్టం బాగుండి సిద్దిరాములు కింద స్నానం చేస్తున్నాడు.

"జర మెల్లగ మాట్లాడు తల్లీ! నోరు మూసుకుంటే పండుగకు నీకు డబ్బెడు సత్తుపిండి పంపుత."

మొగిలమ్మ నోరు సత్తుపిండితో మూతపడింది. పువ్వు నోరు మూసేదెవరు? బతుకమ్మ వారం ఉందనగా పదకొండు మొక్కలూ గులాబీ కొసల తెల్లకంకులు ఎత్తాయి.

ఆ పొద్దున సిద్దిరాములు తొందరగా దిగొచ్చాడు. వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. లచ్చవ్వ పోపు వేసింది. ఆయన ఏమీ అనలేదు. కావాలనే కాస్త మాడనిచ్చింది. అప్పుడూ అనలేదు.

"మాడింది గదా?" అన్నది తానే.

"మంచిగనే ఉన్నది."

ఏడాదంతా విన్న వంకలకంటే ఆ మాటకు ఆమెకు ఎక్కువ భయం వేసింది. స్టవ్ ఆపింది.

"గునుగని నీకెప్పుడు తెలిసింది?" అన్నాడు.

"నాలుగో ఆకుకే."

"చెప్పకపోతివి."

"చెప్తే దిగొచ్చి గీడ కూసుంటవని."

సిద్దిరాములు స్టూలు వైపు చూసుకున్నాడు. పెదవి కొసన నవ్వు వచ్చి పోయింది. "పోశయ్యకు రెండిస్తనంటి..."

"ఇయ్యి. వాళ్లింట్ల మాత్రం బతుకమ్మ పేర్వరా?"

సాయంత్రం అందరూ అన్నానికి కూర్చున్నారు. విజయ్‌కుమార్ నవ్వాపుకోలేక, "బాపూ, బతుకమ్మకు బ్లూబెర్రీ పూలు పెట్టేది వరంగల్ల మనమే," అన్నాడు. సునీత కంచంలోకి చూస్తూ నవ్వింది. సిద్దిరాములు తల వంచి ముద్ద కలిపాడు.

లచ్చవ్వ ఆయన కంచంలో పచ్చిపులుసు పోసి, గిన్నె కింద పెట్టి, ఎవరి ముఖమూ చూడకుండా అన్నది:

"సునీతా, రేపు డ్యూటీ నుంచి వచ్చేటప్పుడు ఆ పండ్లు ఇంకొక డబ్బా తేవాలె బిడ్డా. మూడు నెలలు ఫ్రీజర్ మీ మామది, ఎవ్వరు ముట్టొద్దు. మట్టి మాత్రం ఈసారి నేను జల్లిస్త."