రెండు చెవులూ కనిపించాలి

మా ఆయన సముద్రాన్ని కూడా కదలకుండా కూర్చోమంటారు. నవ్వులాటకి చెప్పడం లేదు. ఫోటోల బృందంలో చేరిన మొదటి ఆదివారం ఒడ్డున కెమెరా పెట్టుకుని, గంటసేపు చూసి చూసి, "ఒక్క నిమిషం కుదురుగా ఉండదేం ఇది," అని విసుక్కున్నారు. పక్కనున్నవాళ్లు జోకనుకుని నవ్వారు. ఆయనకి జోకులు రావని తెలుసు కాబట్టి నేను నవ్వలేదు.

ఆయన్ని అని లాభం లేదు. ఇరవై ఆరేళ్లుగా మాది పాస్‌పోర్టు ఫోటోల స్టూడియో. ఒక తెల్లటి తెర, ఒక తిరిగే స్టూలు, ఎవరూ ఎత్తుకుపోకుండా దారంతో కట్టేసిన దువ్వెన, కోటు లేనివాళ్ల కోసం కొక్కేనికి ఒక నల్లకోటు. ఊళ్లో సగం మంది కాగితాల మీద ఆ ఒక్క కోటులోనే ఉన్నారు. ఆయన తీస్తారు, నేను కత్తిరించి కవర్లో పెడతాను. కవరుకి ఎనిమిది. అందుకోగానే ప్రతివాళ్లదీ ఒకటే మాట: "నేను ఇలా ఉంటానా?" ఉంటారని చెప్పలేక నేను కవరు అంటిస్తూ ఉంటాను.

ఒక మధ్యాహ్నం నేను కత్తిరిస్తుంటే ఆయన ఉన్నట్టుండి అడిగారు.

"ఇంతమందిని తీశాను కదా. నేను తీసిన ఫోటో ఒక్కళ్లైనా గోడకి తగిలించుకుని ఉంటారంటావా?"

కత్తెర గీత తప్పింది. ఎందుకంటే ఆయన తీసిన నా ఫోటోయే బీరువా అడుగు అరలో, స్వెటర్ల కింద, బోర్లా పడి ఉంది. అసలు మా పరిచయమే ఆ ఫోటోతో. ఉద్యోగం దరఖాస్తుకని వెళ్లాను. ఆయన ఇచ్చింది చూసి ఒళ్లు మండి, "దొంగలా ఉన్నాను, మళ్లీ తియ్యండి," అన్నాను. తియ్యనన్నారు. ఆ పోట్లాట ఏడాది సాగి పెళ్లిలో తేలింది. ఫోటో మాత్రం గోడెక్కలేదు.

"ఎవరింట్లో ఏముందో మనకేం తెలుసండీ," అని మాట దాటేశాను.

ఆ ప్రశ్న ఆయన్ని నిలవనిచ్చింది కాదు. వారం తిరక్కుండా ఆదివారాలు ఊరవతలికి నడిచి ఫోటోలు తీసే బృందంలో చేరిపోయారు. వాళ్లు ఏటా గ్రంథాలయం హాల్లో ప్రదర్శన పెడతారు. మనిషికొక ఫోటో, ఫ్రేము కట్టి గోడకి తగిలిస్తారు. ఆయనకి కావలసింది ఆ గోడే.

బృందానికి నాయకుడు మందుల షాపాయన. ఆయన కెమెరాకి చేతి పొడుగు లెన్స్ గొట్టం ఒకటి ఉంటుంది. దాంతో దేన్ని చూసినా ముందు ఒక నిట్టూర్పు విడుస్తాడు. మా ఆయనేమో కెమెరాతో పాటు స్టూడియో స్టూలు కూడా తెచ్చుకుంటారు. అది లేకపోతే చెయ్యి ఆడదట. మొయ్యడానికి నేనున్నాను కదా.

ఆయన తీసిన లైట్‌హౌస్ సరిగ్గా నడిమధ్యలో, తలా మెడా మాత్రమే వచ్చింది. పడవని తియ్యనేలేదు, పక్కకి తిరిగి ఉందట, చెల్లదట. అందరూ ఆహా ఓహో అంటున్న సూర్యాస్తమయాన్ని చూసి పెదవి విరిచారు.

"బ్యాక్‌గ్రౌండ్ ఎర్రగా ఉంది. ఆఫీసులో తిప్పి పంపేస్తారు."

"ఏ ఆఫీసండీ," అన్నాడు మందుల షాపాయన. "ప్రకృతిని ఫీలవ్వాలి స్టూడియోగారూ. ఫీలవ్వండి."

మా ఆయన కళ్లు మూసుకుని ఫీలవడానికి ప్రయత్నించారు. చూస్తే తుమ్ము ఆపుకుంటున్నట్టున్నారు. నాకు జాలేసింది. కోపం కూడా వచ్చింది, మందుల షాపాయన మీద.

ప్రదర్శనకి ముందు ఆఖరి నడక. ఆ రోజు తీసిన వాటిలోంచే ఎవరిది వాళ్లు ఇవ్వాలని షరతు. కొండ కొమ్ముకి ఎక్కేసరికి మంచు కమ్మేసింది. సముద్రం లేదు, ఆకాశం లేదు, మందుల షాపాయన గొట్టం చివర కూడా లేదు. అందరూ ఉసూరుమని చతికిలబడ్డారు. మా ఆయన ముఖం మాత్రం చాటంత అయింది.

"ఎంత తెల్లగా ఉందో చూడవే. ముడత లేదు, నీడ లేదు. ఇలాంటి తెర నేను జన్మలో వెయ్యలేదు."

తెర ఉంది సరే, దాని ముందు కూర్చోవడానికెవరూ లేరు. స్టూలు దించి నడుం పట్టుకుని నిలబడ్డాను. అప్పుడు మంచులోంచి ఒక మేక వచ్చింది. స్టూలు వాసన చూసింది, నన్ను చూసింది, ఒక్క దూకులో నాలుగు కాళ్లూ దగ్గరపెట్టుకుని ఎక్కేసింది.

మా ఆయన ఆశ్చర్యపోలేదు. ఎక్కినవాళ్లని తియ్యడమే ఆయన పని.

"కొంచెం కుడికి," అన్నారు మేకతో. నేను స్టూలు తిప్పాను. మేక కూడా తిరిగింది, ఏమీ అనుకోలేదు. "గడ్డం కిందికి. ఆ జుట్టు చెవి మీద పడుతోంది, సర్దు." సర్దాను. ఇన్నేళ్లలో ఎంతమంది చెవులు సర్దానో, ఇంత మర్యాదగా నిలబడ్డవాళ్లు లేరు.

చిక్కల్లా నోటితోనే. అది నా సంచి పట్టీ నములుతోంది. నోరు మూసి ఉండాలని రూలు. పది నిమిషాలు చూశాం. సగం పట్టీ పోయింది. ఇక లాభం లేదని కౌంటరు గొంతు తీశాను.

"మేడమ్, నోరు. వెనకాల ఇంకా జనం ఉన్నారు."

మేక నమలడం ఆపి, నా వంక ఎంత కోపంగా చూడాలో అంత కోపంగా చూసింది. మా ఆయన నొక్కేశారు.

ప్రదర్శన రోజు హాల్లో పదకొండు ఫ్రేములు, పదకొండూ తెల్లగా ఉన్నాయి. మందుల షాపాయన తన తెలుపుకి 'మౌనం' అని పేరు పెట్టుకున్నాడు. పక్కది 'అనంతం', దాని పక్కది 'అనంతం రెండు'. పన్నెండోది మా మేక. దాన్ని తలుపు వెనక తగిలించారు. తలుపు తీస్తే కనబడదు, మూస్తే జనం రారు.

మా ఆయన తలుపు వెనక్కి వెళ్లి ఒకసారి చూసుకుని, వచ్చి నా పక్కన కూర్చున్నారు.

"గోడే కదా," అన్నారు మెల్లగా.

 లేచి, తలుపు సగానికి లాగి, కదలకుండా, ఆయన అలవాటుగా వెంట తెచ్చుకున్న స్టూలు అడ్డం పెట్టి, దాని మీద నేనే కూర్చున్నాను. మందుల షాపాయన వచ్చి, జనానికి అడ్డంగా ఉంది లేవమన్నాడు. నాకు మోకాలి నొప్పన్నాను. దానికి మందు ఆయనే ఇస్తున్నాడు కాబట్టి కాదనలేకపోయాడు.

జనం లోపలికి పక్కవాటుగా దూరుతూ మేక ఎదురుగా తేలారు. తేలినవాళ్లు కదల్లేదు. ఒకాయన తన మేనేజరు గుర్తొచ్చాడని టోపీ తీశాడు. ఇద్దరు అక్కచెల్లెళ్లు, అది తమ మేనత్తేనని ఒట్టేసి చెప్పారు. 'మౌనం' ముందు ఎవరూ లేరు, అంతా మౌనంగానే ఉంది.

సాయంత్రం రబ్బరు బూట్లు వేసుకున్న ఒక పెద్దావిడ, ఎవరో చెప్పారని ఆయాసపడుతూ వచ్చింది. మేక ఫోటో చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఇది మాదే. ఏం చేసిందమ్మా ఈసారి? ఎవరు కేసు పెట్టారు?"

నేను సంచి పట్టీ సంగతి ఎత్తలేదు. కేసు కాదు, ఫోటో బాగుందని పెట్టారని చెప్పాను. ఆవిడ దగ్గరికెళ్లి కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూసింది.

"అచ్చం ఇట్లాగే చూస్తుంది, నేను పొద్దున ఆలస్యంగా లేస్తే," అంది. "బాబూ, నాకిది ఇస్తారా? మంచం ఎదురుగా గోడకి పెట్టుకుంటాను."

మా ఆయన అలవాటు కొద్దీ, "ఎన్ని కావాలండీ?" అన్నారు.

"ఒకటి చాలు."

"ఎనిమిది వస్తాయి," అన్నారు మా ఆయన, కళ్లు తుడుచుకుంటూ.

ఆవిడ ఫ్రేమునీ, మర్నాడు స్టూడియోకొచ్చి ఏడు కాపీలనీ పట్టుకెళ్లింది. ఎనిమిదోది మా ఇంటికొచ్చింది. ముందు గదిలో సీల కొట్టి ఆయన దాన్ని తగిలిస్తుంటే, నేను వెళ్లి బీరువా అడుగు అర వెతికాను. స్వెటర్లన్నీ నేల మీద పడేస్తే గానీ దొరకలేదు.

"దీనికీ ఒక సీల కొట్టండి," అన్నాను. "మేక పక్కన."

ఆయన ఫోటో అందుకుని వెలుగులోకి తిప్పారు. ఇరవై ఏడేళ్ల కిందటి నేను, ఎంత కోపంగా చూడాలో అంత కోపంగా చూస్తున్నాను. చెవులు రెండూ కనబడుతున్నాయి.

"ఆ రోజు మళ్లీ తియ్యమన్నావు గుర్తుందా?" అన్నారు. "తియ్యనన్నాను."

"గుర్తుండకేం. పొగరు."

"పొగరు కాదే. మళ్లీ తీస్తే ఇంత బాగా రాదనిపించింది."

ఇన్నేళ్లూ ఈ ముక్క ఎందుకు చెప్పలేదని అడుగుదామనుకున్నాను. అప్పటికే ఆయన సుత్తి తీసుకుని స్టూలెక్కారు. ఆయన పడిపోకుండా స్టూలు గట్టిగా పట్టుకున్నాను.