చలికి పనికిరాని ప్లేటు

నేను ఒక ఉక్కు ప్లేటుని. కొలిమిలో పుట్టి, ఎర్రగా మండుతుండగానే రోలర్ల మధ్య నలిగి, వేలెడు మందాన సాపయ్యాను. నా ఒంటి మీద ఒక నంబరు కొట్టారు: ఐదు వందల పదిహేను. నాకొక తోబుట్టువు ఉంది. దాని నంబరు ఐదు వందల పదహారు. బలం ఇద్దరిదీ ఒకటే. పక్కపక్కన నిలబెడితే కన్న కొలిమి కూడా పోల్చుకోలేదు. తేడా అంతా లోపల. నా లోపలి రేణువులు ముతక. బాయిలర్ వేడిని ఏళ్ల తరబడి ఓర్చుకోవడానికి అవే నాకు అండ. దాన్ని మాత్రం మళ్లీ కాల్చి, గాలికి చల్లార్చి, రేణువులు సన్నబడేలా చేస్తారు. అది చలికి తట్టుకుంటుంది. నేను తట్టుకోను.

ఈ చిన్న సంగతి పట్టించుకోక ఒకసారి నా చేత మనుషుల్ని చంపించబోయారు.

విశాఖపట్నం ఆటోనగర్‌లో బాయిలర్లు, ట్యాంకులు తయారుచేసే సూరప్ప గారి షెడ్డు చేరాను. నన్ను తెప్పించిన బాయిలర్ పని కాస్తా రద్దయి, ఆవరణలో ఎండకు పడి ఉన్నాను. అప్పుడే ఒక రొయ్యల ఫ్యాక్టరీ వాళ్లు అమ్మోనియా ట్యాంకు కావాలన్నారు. రొయ్యల్ని గడ్డకట్టించే పని దానిది. లోపల చలి మైనస్ నలభై డిగ్రీలు. ఆ పనికి నా తోబుట్టువు రావాలి. దాన్ని తెచ్చే లారీ ఎక్కడో దారిలో ఆగిపోయింది.

సూరప్ప గారి షెడ్డులో ఒక ఆచారం ఉంది. ముహూర్తం వేళకు కొత్త పని తాలూకు మొదటి ప్లేటుకి పసుపు రాసి, బొట్టు పెట్టి, దాని మీద కొబ్బరికాయ కొట్టాలి. కొట్టాక ఆ ప్లేటు ఆ పనికే. ముహూర్తం దాటిపోతోంది. లారీ జాడ లేదు. ఎదురుగా నేనున్నాను. కాయ నా మీద పగిలింది! పంచాంగం చూసినంత శ్రద్ధగా మనుషులు ప్లేటు నంబరు చూడరు.

నన్ను కోయడానికి మేస్త్రీ గవరయ్య గ్యాస్ టార్చి వెలిగించాడు. నీలం మంట నా అంచుకి జానెడు దూరంలో ఉంది. అప్పుడే లోపలికొచ్చింది ఇంజినీరు నీరజ.

"ఆపండి గవరయ్య గారూ! టార్చి ఆర్పండి!"

"ఏటైందమ్మా?" అన్నారు సూరప్ప గారు.

"ఇది పదిహేను సార్. మనకు కావాల్సింది పదహారు."

"ఒక్క అంకెకి ఇంత గోలేటి? బలం ఒకటేనని నువ్వే సెప్పినావు గదా!"

"ఎండలో ఒకటే. ఆ చలిలో ఇది గాజైపోతుంది. ఎక్కడో చిన్న గీత పడితే చాలు, ట్యాంకు నిలువునా చీలిపోతుంది."

"బొట్టెట్టి పీటల మీద కూకోబెట్టినాక పెళ్లికూతుర్ని మారుత్తారేటమ్మా?"

గవరయ్య పకపకా నవ్వాడు. "పెళ్లికొడుకు ఐసుగెడ్డని ఆ పిల్లకి ముందే సెప్పాల గదా బాబూ!"

నీరజ నవ్వలేదు. నా అంచు నుంచి ఒక సన్నని పట్టీ రంపంతో కోయించింది. పాత పనిలో మిగిలిన పదహారు నంబరు ముక్క నుంచి ఇంకొకటి. రెండింటి మీదా ఒకేలా గాటు పెట్టించింది. బకెట్లో స్పిరిట్ పోసి, హార్బర్ నుంచి తెప్పించిన డ్రై ఐస్ కొంచెం కొంచెంగా వేస్తూ, థర్మామీటరు మైనస్ నలభైకి దిగేదాకా ఆగింది. పట్టీలు బాగా చల్లబడనిచ్చింది.

ముందు తోబుట్టువు. వైసులో బిగించి గవరయ్య సమ్మెట ఎత్తి కొట్టాడు. వంగింది.

తర్వాత నాది.

ఠప్!

సగం ముక్క ఎగిరి రేకు గోడకు తగిలింది. విరిగిన చోట నా రేణువులు కలకండలా తళతళ మెరిశాయి. నా లోపలెలా ఉంటుందో బయటపడటం అదే మొదలు.

గవరయ్య సమ్మెట కింద పెట్టాడు. ఈసారి నవ్వలేదు. "బాబూ, ఆ ట్యాంకు గోడవతలే గదా ఆడోళ్లు కూకుని రొయ్యలు వొలిసేది?"

సూరప్ప గారు ఆ ముక్కని చేతిలోకి తీసుకుని చాలాసేపు తిప్పి చూశారు. ఆచారం ఆయన తండ్రి నాటిది.

"మరైతే ఇది పాడు ప్లేటేనేటమ్మా?"

"పాడుదెందుకవుతుంది సార్? వేడిలో పెట్టండి, నమ్మకంగా పనిచేస్తుంది. మనమే దాన్ని తప్పు చోటికి పంపుతున్నాం."

చేతగాని చోట నిలబెట్టి చేతగానిదానివని తిట్టడం మనుషులకు అలవాటు. పిల్లల్నీ అంతే, గుమాస్తాల్నీ అంతే. ఒంటి మీద బొట్టుతో, నోరులేని నా తరఫున ఒక మనిషి మాట్లాడటం విన్నాను. నాకు కళ్లుంటే చెమర్చేవి.

"టార్చి లోపలెట్టెయ్ గవరయ్యా," అన్నారు సూరప్ప గారు. "లారీ వొచ్చినాక ఇంకో కాయ కొడదాం. దీనికి సంబంధం నేను సూత్తాను."

చూశారు కూడా. మండపేట దగ్గర ఒక ఉప్పుడు బియ్యం మిల్లులో బాయిలర్ డ్రమ్మునయ్యాను. కింద ఊక మండుతుంది, లోపల ఆవిరి కమ్ముకుంటుంది, నా ముతక రేణువులు హాయిగా పనిచేసుకుంటాయి. ఊరంతటికీ ఉడికే ధాన్యం వాసన నా చలవే.

ఓసారి సూరప్ప గారు మిల్లుకి వచ్చారు. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, నా దగ్గరకొచ్చి గొంతు తగ్గించారు.

"రొయ్యల ఫేట్రీకెళ్లొచ్చానే. ఆ ట్యాంకు బాగుంది. గోడవతల ఆడోళ్లు ఒకటే కబుర్లు, ఒకటే నవ్వులు."

ఆయన తన కోసం చెప్పుకున్నారో, నా కోసం చెప్పారో తెలియదు. ఆ నవ్వులు మాత్రం ఇంత దూరాన నాకూ చేరాయి.