గొడుగు పిల్ల, తునికి పండు

మిర్చి చేలో మూడో ఏరుడంటే ఏ కూలీల ముఠాకైనా ముఖం ముడుచుకునే పనే. మొదటి ఏరుడులో కాయ గుత్తులుగా చేతికొస్తుంది. రెండో ఏరుడులో వెతుక్కుంటే దొరుకుతుంది. మూడోదానికి వచ్చేసరికి చెట్టు ఆకు రాల్చేసి, ఎండు కొమ్మల మధ్య వేలెడు కాయలతో దాగుడుమూతలాడుతుంది. పొద్దంతా వంగి ఏరినా బస్తా నిండదు. అలాంటి మూడో ఏరుడులో, తల్లాడ దగ్గర బాలకృష్ణ చేలో, పదకొండు మంది ఆడవాళ్ళు సోమవారం ఎప్పుడొస్తుందా అని ఎదురు చూశారంటే అదంతా గొడుగు పిల్ల చలవే.

గొడుగు పిల్లది జపాను. బొమ్మల సీరియల్లో ఉంటుంది. పేరు కురోసె. చనిపోయినవాళ్ళు వదిలిపోయిన చిక్కుముళ్ళు విప్పడం ఆమె పని. రెండు చువ్వలు విరిగిన పాత గొడుగొకటి ఎప్పుడూ చంకలో ఉంటుంది. దాన్ని తెరిస్తే చాలు, ఆ నీడలో నిలబడ్డ దెయ్యం కంటికి కనబడుతుంది. శనివారం సాయంత్రానికి ఒక్కో భాగం ఫోనులోకి వస్తుంది. మాటలు జపానువి, కింద అక్షరాలు ఇంగ్లీషువి. ఆ రెండేర్లూ దాటించి సోమవారానికి కథను మిర్చి సాళ్ళలోకి దించేది పుష్పలత.

పుష్పలతది బూర్గంపాడు అవతల అడవి అంచు ఊరు. ఆ ఊళ్ళో డిగ్రీ పాసైన మొదటి మనిషి ఆమే. భద్రాచలంలో బాటనీ చదువుతూ హాస్టల్లో ఈ బొమ్మల సీరియళ్ళ రుచి మరిగింది. ఉద్యోగ పరీక్ష రాసి, ఫలితం వచ్చేదాకా ఊరికే కూర్చుంటే ముద్ద దిగదని తల్లి పుల్లమ్మ వెంట ఏరుడుకొచ్చింది. ముఠాకు పుల్లమ్మే మేస్త్రి. చేను గట్టున టార్పాలిన్ గుడిసెలు వేసుకుని రెండు నెలలుగా అందరూ అక్కడే ఉన్నారు.

ముఠాకు మేస్త్రి పుల్లమ్మ అయితే, ముఠా నడుము మాత్రం ముత్తక్క. అరవై దాటినా సాలు మొదట పట్టేదీ, మొదట తేల్చేదీ ఆమే. ఆమె ఎటు నడిస్తే పదిమందీ అటే. ఆమె ఇంటిపేరు కుర్సం. కురోసె అన్న పేరు వినగానే తేల్చి చెప్పేసింది.

"మా కుర్సమోళ్ళ పిల్లే. బతకపోయి జపానుల పడ్డది, పేరు జర వంకర పోయింది. అవ్ గానీ పుష్పా, దాని ఎనక తిరిగే పోలీసు పిలగానిది ఏ గట్టో, ఏ గోత్రమో కనుక్కో. ఇద్దరిదీ ఒకటే గట్టయితే లగ్గం కుదరదు, ముందే చెప్తున్న."

"కనుక్కుంట ముత్తక్కా" అంది పుష్పలత. ఆమెకు పెద్దవాళ్ళ మాట కాదనడం చిన్నప్పటినుంచీ రాదు.

ఒక సోమవారం చెప్పిన భాగం తునికి పండ్ల ఇంటిది. నిజానికి అది పర్సిమన్ పండు. పుష్పలత బాటనీ పుస్తకం గుర్తు చేసుకుని, "మన తునికి పండుకు అక్కచెల్లెలే అది. కాకపోతే టమాటంత ఉంటది" అంది.

"టమాటంత తునికి పండా!" సాలు సాలంతా నోరు తెరిచింది. "ఆకెంతుంటదో మరి! బీడీ చుడితే రోకలంతయితది!"

కొండ కింద పాత ఇల్లు, ఇంటి ముందు ఆ పండ్ల తోట. ఇంటి పెద్దాయన పోయి ఏడాదైంది. ఈ ఏడు తొలి పండు కోసుకు తిన్న చిన్న కొడుకు కళ్ళు తిరిగి పడిపోయాడు. మర్నాడు కోడలు పడింది. తాత దెయ్యమయ్యాడని ఊరంతా గుసగుసలు. గొడుగు పిల్ల వచ్చి గొడుగు తెరిచింది. తాత చెట్టు కింద నిలబడి పండ్ల వంకే చూస్తున్నాడు. పలకడు, ఉలకడు. "తప్పు చేసినోళ్ళు ఈ ఇంట్లోనే ఉన్నరు" అని గొడుగు పిల్ల గొడుగు ముడిచింది. భాగం అయిపోయింది.

"అయిపోవుడేంది?" ముత్తక్క నడుం మీద చెయ్యేసుకుని లేచింది. "పేరు చెప్పకుండ గొడుగు ముడుస్తదా? మా ఇంటి పిల్లకు గసొంటి బుద్ధి యాడిది?"

"వచ్చే శనారం చెప్తది."

"అది చెప్పేదేంది, నేనే చెప్త. ఆళ్ళు కొత్తలు పెట్టలే. తాతకు పెట్టకుండ మింగిన్రు. తాత ఊకుంటడా?"

సాలులో అన్ని తలలూ ఒకేసారి ఊగాయి. వాళ్ళ ఊళ్ళో ఏ కొత్త పంటయినా ముందు వేల్పులకూ పోయిన పెద్దలకూ పెట్టి, ఆ తర్వాతే మనుషులు తింటారు. వాటినే కొత్తలంటారు. ఊళ్ళో ఈ ఏటి మామిడి కొత్తలు ఇంకా కాలేదు. అందుకే బాలకృష్ణ చేను గట్టున చేతికందేలా వేలాడుతున్న మామిడికాయల వంక ఎవరూ కన్నెత్తి చూడలేదు. బాలకృష్ణ కూతురు జ్యోత్స్న, ఇంటర్ చదివే పిల్ల, ఒకనాడు ముక్కలు కోసి ఉప్పూకారం అద్ది తెస్తే, నోరూరుతున్నా పదకొండు మందీ తల తిప్పుకున్నారు.

వారం గడిచింది. శనివారం సాయంత్రం పుష్పలత చేతులు కడుక్కుని, కళ్ళు మండకుండా మరోసారి కడుక్కుని, ఫోను తెరిచింది. గొడుగు పిల్ల తలవంచి దండం పెడుతున్న బొమ్మ. కింద ఒక్క ముక్క: కొన్ని కారణాల వల్ల ఈ వారం భాగం లేదు.

మామూలుగా అయితే సోమవారం లేచి ఉన్న సంగతి చెప్పేసేదే. కానీ ఆ సోమవారం పొద్దున్నే గట్టు మీద ఒక ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. అందులోంచి వైరా వైపు ముఠాలు తోలే హరిలాల్ దిగాడు.

"ఏంది ముత్తక్కా, ఈ ఎండుపుల్లలల్ల ఏం ఏరుతున్నవ్? వైరా కాలవ కింద రెండో ఏరుడు. కాయ చూస్తే నీ ముంజేతంత ఉన్నది. ఎక్కున్రి, జల్దీ!"

పుల్లమ్మ ముఖం పాలిపోయింది. పోయినేడు ఇంకెవరి ముఠానో సగంలో వదిలిపోతే బాలకృష్ణ కాయంతా చేలోనే ఉండి వడగండ్లకు నేలపాలైంది. అందుకే ఈసారి చివరి సాలు తేలేదాకా ముఠా కదలదని పుల్లమ్మ మాటిచ్చింది. ఇంకా రెండు వారాల పని ఉంది. మబ్బు అప్పుడే భద్రాచలం దిక్కు నుంచి తొంగి చూస్తోంది. ముత్తక్క ఆటో ఎక్కితే పదిమందీ ఎక్కుతారు. పుల్లమ్మ మాట గంగలో కలుస్తుంది.

ముత్తక్క ఆటో వైపు చూసింది. చేను వైపు చూసింది. తర్వాత పుష్పలత వైపు తిరిగింది. "ముందు గది చెప్పు. ఎవరు దొంగ?"

పుష్పలత నడుముకు దోపిన ఫోను తడుముకుంది. తల్లి ముఖం చూసింది. నోరు దానంతటదే తెరుచుకుంది.

"నువ్వన్నదే ముత్తక్కా. ఆళ్ళు కొత్తలు పెట్టలే."

చేనంతా ఒక్క కేక. ఇక వెనక్కి దారి లేదు. పుష్పలత నడుం వంచి ఏరుతూ, తల ఎత్తకుండా, అల్లుకుంటూ పోయింది. గొడుగు పిల్ల ఇంటోళ్ళందర్నీ కూర్చోబెట్టి గడ్డి పెట్టింది. తొలి పండ్లు కోయించింది. టేకాకు దొప్పలో పెట్టించి చెట్టు మొదట్లో ఉంచింది. ఇప్పసారా ధార పోయించింది. తాత వచ్చి, పండు వాసన చూసి, నవ్వి, గొడుగు నీడలోంచి అట్లే కరిగిపోయాడు. పడిపోయినవాళ్ళు కళ్ళు తెరిచారు.

"ఇప్పసారా పోసిన్రా?" అడిగింది ముత్తక్క.

"పోసిన్రు."

"ఊఁ" అంది ముత్తక్క. ఒక్క క్షణం పుష్పలత వంకే చూసి, కొంగు నెత్తికి చుట్టుకుని సాలులోకి దిగింది. "హరిలాలూ, నువ్వు పో అయ్యా. వచ్చే వారం చూద్దాం."

పుల్లమ్మ ఆ పూట కూతురికి గుడ్డు కూర వండింది. పుష్పలత దాన్ని అటూ ఇటూ కెలికి వదిలేసింది.

ఆ శనివారం నిజం భాగం రానే వచ్చింది. తప్పు చేసింది తాత కాదు, ఆ ఇంట్లోనే మకాం పెట్టిన డాక్టరు. తోట కాజేయాలని పండ్లకు మందు పూశాడు. పోలీసు పిలగాడు బేడీలు వేశాడు. పుష్పలత ఫోను బోర్లించి మోకాళ్ళలో తల పెట్టుకుంది. సోమవారం ఏం చెప్పాలి? డాక్టర్ని ఇంకో ఊరికి తోలి ఇంకో కేసులో పట్టించాలా? ఇకనుంచి ప్రతి వారం రెండు సీరియళ్ళు నడపాలా? ఒక అబద్ధానికి ఇంత కాపలానా?

ఆమె బాధ తీర్చడానికే అన్నట్టు సోమవారం జ్యోత్స్న టీ క్యానుతో చేలోకొచ్చింది. గట్టు మీద హరిలాల్ ఆటో కూడా అప్పుడే ఆగింది.

"అక్కా, చూసినవా గొడుగు పిల్ల? ఆ డాక్టర్ అంత పని చేస్తడని అస్సలనుకోలే!"

"ఏ డాక్టర్?" అంది సాలులోంచి ఒకామె.

"పండ్లకు మందు రాసినాయన. మొన్న శనివారం పట్టుకున్నరు కదా. అంతకుముందు వారం భాగం రానే రాలే."

పుష్పలత దొంగకు తేలు కుట్టినట్టు నిలబడిపోయింది. పదిమంది కళ్ళు ఆమె మీద. హరిలాల్ సందు చూసుకుని హారన్ కొట్టాడు.

"అబద్ధం చెప్పిన" అంది పుష్పలత. "ఆ వారం కథ రాలే. మీరు ఆటో ఎక్కుతరని, మా అమ్మ మాట పోతదని సొంతంగ అల్లి చెప్పిన. మా అమ్మకు తెల్వదు. పోతే పోన్రి. తప్పు నాదే."

పుల్లమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ముత్తక్క తీరిగ్గా టీ గ్లాసు అందుకుని, ఊది, ఒక గుటక వేసింది.

"నాకు తెల్సు."

"ఏంది?"

"ఆ పొద్దే తెల్సు. జపానుల ఇప్పచెట్టు ఉందా బిడ్డా? టేకాకు దొప్ప ఎవరు కుట్టిన్రు ఆళ్ళకు, నువ్వా? కొత్తలు పెట్టుడు మొదలుకొని సారా పోసుడు దాక అంత మన ఊరి వరసనే చెప్పినవ్. గొడుగు లేకున్నా నాకు అన్నీ కనబడ్డయ్."

ఎవరో కిసుక్కున నవ్వారు. పుష్పలత సాలు దాటి ముత్తక్క ముందుకొచ్చింది.

"మరి ఎందుకున్నవ్ ముత్తక్కా? ఆటో ఎందుకెక్కలే?"

"ఎట్లెక్కుత? నేను చెప్పిన మాట జపాను దాక తీస్కపోయినవాయె. మా ముసలోళ్ళ సంగతి కథల పెట్టి చెప్పినోళ్ళు ఇప్పటిదాక లేరు. బాగుండె. కడుపు నిండె." ముత్తక్క గ్లాసు కింద పెట్టి వేలు చూపించింది. "గానీ మనది మనదని చెప్పకుండ ఇంకోని పేరు మీద చెప్పినవ్ సూడు, గదీ తప్పు. మనదంటే ఇననా? చెవులు మూసుకుంటనా?"

"తప్పే."

"తప్పయితే దండుగ కట్టాలె. ఇగ నుంచి నోటి కథ లేదు. శనారం మేమందరం ఫోను ముందట కూసుంటం. నువ్వు అక్షరం అక్షరం చదవాలె. మా కండ్లతోటే చూస్తం. సరే గానీ, డాక్టర్ను జైల్ల ఏసిన్రు. తాత ఏమైండు?"

పుష్పలత, జ్యోత్స్న ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. భాగం చివరలో గొడుగు పిల్ల మళ్ళీ గొడుగు తెరిచింది. డాక్టరు పోయినా తాత అక్కడే నిలబడి పండ్ల వంక చూస్తున్నాడు. "ఇంకేదో మిగిలి ఉంది" అంది గొడుగు పిల్ల. అక్కడితో ఆగింది. పుష్పలత ఉన్నదున్నట్టు చెప్పింది.

"చూసిన్రా?" ముత్తక్క చేనంతా వినబడేలా అరిచింది. "డాక్టరుకు బేడీలు ఏసిన్రు. తాతకు ఎవరు పెట్టిన్రు? హరిలాలూ, పో అయ్యా! తాత సంగతి తేలలే."

"ఎవరి తాత?" అన్నాడు హరిలాల్, ఆటో దిగుతూ.

అతనికి మొదటినుంచీ చెప్పేసరికి టీ క్యాను ఖాళీ అయింది. పోతూ పోతూ అతను డాక్టర్ను నాలుగు తిట్టి మరీ పోయాడు.

ఆ వారం పదకొండు మందీ పట్టుపట్టి ఏరారు. మబ్బు రోజూ సాయంత్రం ఉరిమి బెదిరించినా, శనివారం పొద్దు వాలకముందే చివరి సాలు తేలింది. బాలకృష్ణ ఆఖరి బస్తా కుట్టి, పుల్లమ్మకు చేతులు జోడించాడు. తర్వాత ఆయన కూడా వచ్చి మోటారు షెడ్డు గోడకానుకుని కూర్చున్నాడు. జ్యోత్స్న ఫోనును బోర్లించిన తట్ట మీద నిలబెట్టింది. దాని చుట్టూ పదకొండు తలలు. పక్కన పుష్పలత, పరీక్ష హాలులో కూర్చున్నంత బుద్ధిగా, ఒక్కో అక్షరం చదువుతూ.

తెర మీద గొడుగు పిల్ల తోటలోకి నడిచింది. ఒక పండు కోసింది. తాత సమాధి రాయి ముందు ఆకు పరిచి, దాని మీద పండు పెట్టింది.

"కొత్తలు!" పదకొండు గొంతులు ఒక్కసారే లేచాయి. గట్టు మీద కొంగలు లేచిపోయాయి. పుల్లమ్మ కూతురి వీపు మీద ఒక్కటి చరిచింది.

పెద్ద కొడుకు సీసా తెచ్చి రాయి మీద ధారగా పోశాడు.

"గదేంది? గదేంది పోసింది? చదువు!"

పుష్పలత రెండుసార్లు చదువుకుంది, తప్పు పోకూడదని. "బియ్యంతోటి చేసిన సారా, ముత్తక్కా."

"ఇప్పచెట్లు లేవు గదా పాపం, ఉన్నదే పోసిన్రు" అంది ముత్తక్క, పెద్దమనసుతో. ఒక్క క్షణం చూసి, మోకాళ్ళ మీద చేతులేసుకుని లేచింది. "గానీ కోడేదే? కోడిని కొయ్యకుండ తాత ఎట్ల నవ్వుతడు? ఆళ్ళకు ఇంకా శానా నేర్పాలె" అంటూ పొయ్యి మీది అన్నం చూడబోయింది.

ఆమె వీపు వెనక, తెర మీద తాత నవ్వాడు. ఆ మాట ఆమెకు చెప్పాలా వద్దా అని పుష్పలత కాసేపు ఆలోచించి, అక్షరం అక్షరం చెప్పాలన్న దండుగ గుర్తొచ్చి, లేచి పొయ్యి దగ్గరికి నడిచింది.