దేవుడికి పోయిన దండ

నలభై దాటిన మల్లయోధుడికి పొద్దున లేచి నిలబడడమే ఒక పోటీ. నెమియాలో జియస్ దేవుడి పేర జరిగే ఆటల ఉత్సవానికి వచ్చిన ప్రతిసారీ ఇదే ఆఖరిది అనుకునేవాణ్ణి. ఈసారి మాత్రం నిజంగానే ఆఖరిది. ఇక్కడ గెలిచినవాడికి ఇచ్చేది అడవి ఆకుకూరతో అల్లిన దండ. మేక కూడా ఆలోచించి తినే ఆకు. కానీ ఆ దండ తలమీద పెట్టుకుని మా ఊరు సిక్యోనుకు తిరిగి వెళితే, బతికినన్నాళ్ళూ ఊరే కూర్చోబెట్టి భోజనం పెడుతుంది. కుస్తీ తప్ప ఏ పనీ రానివాణ్ణి. పొలం లేదు, పడవ లేదు. దండ రాకపోతే ఇక తమ్ముడి ఇంట్లో, మరదలి మొహం చూస్తూ తినాల్సిందే.

ఏళ్ళ తరబడి ఏ ఉత్సవానికి వెళ్ళినా చివర్లో నా ఎదురుగా నిలబడేది ఆర్గోస్ ఊరి ఎవాంథెసే. పెళ్ళీ పెటాకులూ లేనివాణ్ణి, నా చేతులు ఎక్కువగా చుట్టుకున్నది వాడి మెడనే. ఆ పొద్దున జియస్‌కు బలిచ్చిన ఎద్దుల పొగ మైదానమంతా కమ్ముకుంటుంటే, నీడలో పక్కపక్కన కూర్చుని ఒంటికి నూనె రాసుకున్నాం. నా గోడంతా వాడికి చెప్పుకున్నాను.

“మరదలు అంత గయ్యాళా అన్నా?”

“ఆమె వడ్డిస్తే గంజి కూడా అరగదురా.”

“అయితే ఇవాళ నీ నడుము విరగ్గొట్టి ఆమెకే అప్పజెప్తా. సేవలు చేస్తుంది.”

ఇద్దరం నవ్వుకున్నాం.

ఎదుటివాణ్ణి మూడుసార్లు పడేసినవాడిదే గెలుపు. పొద్దు వాలేసరికి చెరి రెండు అయ్యాయి. ఆ మూడోది ఎవరికీ చిక్కలేదు. తలకు తల ఆనించి అలాగే నిలబడిపోయాం. కాళ్ళలో చేవ లేదు, కళ్ళలో చెమట, నోట్లో దుమ్ము.

“వీళ్ళకి పక్కలు వెయ్యండయ్యా!” అని జనంలోంచి ఎవడో అరిచాడు.

నల్లబట్టల్లో ఉన్న న్యాయనిర్ణేత కర్ర ఊపుతూ వచ్చాడు. “పొద్దు గుంకేలోగా ఎవరూ పడకపోతే దండ దేవుడికే పోతుంది. తర్వాత నన్ననొద్దు!”

అప్పుడే ఎవాంథెస్ ఎడమకాలు సడలింది. నాకు లోపల నవ్వొచ్చింది. వాడి ఎత్తే అది. కాలు వదిలినట్టే వదులుతాడు, ఆశపడి లాగబోయామా, భుజం మీదుగా ఎత్తి అవతల పారేస్తాడు. డెల్ఫీ పోటీల్లో నా పక్కటెముకలు అలాగే విరిగాయి. నేను కదల్లేదు. కాసేపటికి కాలు మళ్ళీ సడలింది.

“లాగు,” అన్నాడు చెవిలో.

“మీ తాతొచ్చి లాగుతాడు,” అన్నాను. ఎంత తెలివిగా తప్పించుకున్నానో అని మురిసిపోయాను కూడా.

పొద్దు గుంకింది. బూర ఊదారు. న్యాయనిర్ణేత దండను రెండు చేతులా పట్టుకుని గుడివైపు నడిచాడు. ఇద్దరిలో ఎవరి పేరూ పిలవలేదు. జనం మాంసం పంచేచోటికి పరుగులు తీశారు.

ఒంటిమీది నూనె, మట్టి గీక్కుంటూ కూర్చున్నాం.

“ఎందుకు లాగలేదన్నా?” అన్నాడు ఎవాంథెస్.

“నేనంత వెర్రివాడిలా కనిపిస్తున్నానా?”

వాడు తల పట్టుకున్నాడు. “నిజంగానే వదిలాను. నాకు ద్రాక్షతోట ఉంది, ఎదిగిన కొడుకులున్నారు. ఆ ఆకుతో నాకేం పని? నిజాయితీగా పోరాడతానని దేవుడి ముందు వేసిన ఒట్టు కూడా తప్పి వదిలాను.”



“ముందే చెప్పొచ్చు కదరా!”

“లాగమని చెప్పాను కదా.”

“నువ్వు చెబితే నేను నమ్ముతానా?”

“అదే మరి. నీతో ఒక్కసారి నిజం చెప్పాను. అదీ నీకు పనికిరాలేదు.”

వాడిమీద కోపం రాలేదు. కోప్పడాలన్నా ఒంట్లో ఓపికుండాలి. బతికినన్నాళ్ళ అన్నం చేతికందినా, నా తెలివితేటలతోనే తోసేసుకున్నాను.

ఎవాంథెస్ లేచి, నన్ను లేపడానికి చెయ్యి చాచాడు. నేను వెంటనే పట్టుకోలేదు. ఇందులో ఏం ఎత్తుందో అని వాడి భుజంవైపు చూశాను. అలా చూసినందుకే నాకు ఏడుపొచ్చింది.