పదిహేడో నంబరు ఫ్లాస్కు

నేను ఒక గాజు ఫ్లాస్కును. అడుగు వెడల్పు, మెడ సన్నం, నోట్లో దూది. వరంగల్ దగ్గరి ఒక కాలేజీ ల్యాబులో నా నంబరు పదిహేడు. కొలిమి దగ్గర నన్ను ఊదినవాడెవడో తెలియదు. పనిచేసినవాడి పేరు సీసా మీద రాసే అలవాటు ఈ మనుషులకు లేదు.

నా కడుపులో అశ్వగంధ వేళ్లు పెంచేవారు. ఆకు లేదు, కాండం లేదు, మట్టి లేదు. చక్కెర నీళ్లలో ఊగుతూ ఉత్త వేళ్లే. వాటిలో మందు ఎక్కువ పుట్టించాలని ప్రభంజన్ సారు రెండేళ్లు మేపాడు. వేళ్లు బలిశాయి, మందు చిటికెడు. మరి ఎందుకు పుడుతుంది? చెట్టు మందు చేసుకునేది మీ మోకాళ్ల నొప్పులకు కాదు, తనను తినడానికి వచ్చేవాళ్ల మీదికి.

ఒకసారి ఇంకా వేళ్లు వేయకముందే నా దూది తడిసి, లోపలి చక్కెర నీళ్లకు ఈస్టు పట్టింది. పాడైన ఫ్లాస్కును పెద్ద కుక్కర్‌లో ఉడికించి, లోపలిది పారబోయాలి. కొత్త చక్కెర నీళ్లూ అదే కుక్కర్‌లో ఉడుకుతాయి. సామాన్లు కడిగే సమ్మక్క ఉడికిన నన్ను తీసి పొరపాటున కొత్తవాటి వరుసలో పెట్టింది. పరిశోధన చేసే జమున నాలోనే వేళ్లు వేసింది. చచ్చిన ఈస్టు తగిలితేనే వేళ్లు హడలిపోయాయి. మందు మూడింతలు.

మిగతా ఫ్లాస్కుల్లో మళ్లీ చిటికెడే. సారు సమ్మక్క మీద పడ్డాడు.

"పదిహేడుల ఏం కలిపినవ్? చెప్పకుంటే సోమవారం నుంచి రాకు."

"నేనేం కలుపుత సారూ. కడుగుడు తప్ప నాకేం ఎరుక?"

వరుస మార్చి పెట్టిన సంగతి అప్పటికే ఆమెకు గుర్తొచ్చింది. ఒప్పుకుంటే పని పోతుంది.

మూడో రోజు జమున టీ తెచ్చి పక్కన కూర్చుంది. "సమ్మక్కా, ఆ నీళ్లు మసకగున్నా చూస్కోకుంట వేళ్లు వేసింది నేను. తప్పు నాదేనని రిజిస్టర్ల రాసి సంతకం పెట్టిన. ఇగ నిన్నెవరూ పనిలకెల్లి తియ్యరు."

సమ్మక్క టీ మొత్తం తాగింది. "ఈ ముక్క ముందే అంటే అయిపోతుండె గదనే బిడ్డా," అని కుక్కర్ సంగతంతా చెప్పింది.

ఉడికిన ఈస్టు వేసిన ప్రతి ఫ్లాస్కులోనూ మందు పెరిగింది. సారు నన్ను బల్ల మీద నిలబెట్టి ఊరి పెద్దలకు ఉపన్యాసమిచ్చాడు. "బెదిరిస్తేనే వేరు మందిస్తుంది. మనుషులైనా అంతే."

తలుపు దగ్గర ట్రే పట్టుకున్న సమ్మక్క అంది: "నన్ను బెదిరిచ్చినన్ని రోజులు నేను నోరిప్పలే గద సారూ."

సారు గిర్రున తిరిగాడు, మోచెయ్యి నాకు తగిలింది.

ఇప్పుడు పగిలిన గాజు బకెట్లో ఉన్నాను. సోమవారం బకెట్ ఖాళీ చేయడానికి వచ్చింది సమ్మక్కే.